గుమ్మడికాయ చోట లోబేలియా

కమఠాణలో ఎంకమ్మ కట్టించుకున్న కొత్తింటి వసారాకు ఉన్నది ఒకటే కొక్కెం. స్లాబు పోసిన రోజున మేస్త్రీ నెత్తిమీద నిలబడి మరీ పెట్టించింది. దానికి దిష్టి గుమ్మడికాయ వేలాడుతుంది. దాని జోలికి వెళ్లే ధైర్యం కొడుకు దత్తుకే లేదు, ఇక కోడలు నాగలక్ష్మి సంగతి చెప్పాలా?

కానీ నాగలక్ష్మికి ఇప్పుడు ఆ కొక్కెమే దిక్కయింది. బీదర్‌లో తను పనిచేసే నర్సరీ నుంచి కార్తీకంలో లోబేలియా పూల విత్తనాలు తెచ్చుకుంది. అచ్చం ముక్కుపొడుమే. తడిమట్టి మీద చల్లి ఊరుకుంటే ఎంకమ్మ పకపకా నవ్వింది.

"ఇత్తనం మీద మన్ను ఎయ్యకుంటే యాడ మొలుస్తదే? మీ నాయిన గిట్లనే ఎవుసం జేసిండా?"

"వీటికి ఎలుతురు గావాలె అత్తమ్మా. మన్ను గప్పితే మొలవయి."

మొలిచాయి. వెంట్రుకల్లాంటి ఆ నారును గుత్తులుగా తీసి సగం ప్రహరీ పక్క మడిలో, సగం కొబ్బరిపీచు బుట్టలో నాటింది. ఫిబ్రవరి రాగానే మధ్యాహ్నపు ఎండకు మడిలోవన్నీ మాడిపోయాయి. మిగిలింది బుట్ట ఒక్కటే, అదీ మొగ్గ మీద ఉంది. పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ, కాస్త గాలి ఉంటే బతుకుతుంది. ఆ మూడూ దొరికేది గుమ్మడికాయ వేలాడే చోటే. కింద పెడితే మేకపిల్ల నోరు పెడుతుంది, మేకకూ అది మంచిది కాదు. ఇంకో కొక్కెం కొట్టిద్దామంటే "కొత్త స్లాబుకు బొర్ర వెడ్తవా?" అని అత్త ఇంతెత్తున లేచింది. నాగలక్ష్మి ప్రాణం ఉసూరుమంది. ఎన్నేళ్లుగానో ఊరందరికీ మొక్కలు అమ్ముతోంది గానీ, తన వాకిట్లో తనదంటూ ఒక్కటీ పూయించుకోలేదు.

అమావాస్య నాడు ఎంకమ్మ కుళ్లిన గుమ్మడికాయను దింపింది. కొత్తది తెస్తానన్న దత్తు ఒట్టి చేతులతో వచ్చాడు. తల్లి అతన్ని చెడామడా తిడుతుండగానే నాగలక్ష్మి బుట్ట తెచ్చి కొక్కేనికి తగిలించింది.

"కాయ వచ్చేదాంక ఉండనియ్యి అత్తమ్మా."

"కాయ వచ్చిందంటే దించుడే. మల్ల ఏడ్వొద్దు."

దత్తు రోజూ మరిచిపోతూనే ఉన్నాడు. నిజంగా మరిచిపోయాడో, పెళ్లాం మొహం చూసి మరిచిపోయాడో అడిగినవాళ్లు లేరు. ఈలోగా బుట్ట విరగబూసింది. మట్టి కనబడకుండా, అంచులు దాటి కిందికి జారుతూ ఎటు చూసినా నీలమే.

చివరికి ఒక ఆదివారం కాయ రానే వచ్చింది. ఎంకమ్మ దాన్ని చంకన పెట్టుకుని స్టూలు లాగింది. నాగలక్ష్మి గోడకు ఆనుకుని, తల తిప్పుకుంది. సరిగ్గా అప్పుడే పక్కింటి భీమవ్వ వచ్చింది. ఎంకమ్మకు ఊరి కళ్లన్నీ ఒక ఎత్తు, భీమవ్వ కళ్లు ఒక ఎత్తు. ఆమె మెచ్చుకున్న మర్నాడే వంటింట్లో కొత్త టైలు పగిలింది మరి!

భీమవ్వ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"గిదేం పువ్వు ఎంకమ్మక్కా? గింత నీలం నేనేడ జూడలే!"

చాయ్ కూడా అక్కడే నిలబడి తాగింది. కొత్త ఫ్రిజ్ వైపు చూడలేదు, టైళ్ల వైపు చూడలేదు. పూల మీంచి కళ్లు తీస్తే గదా! ఎంకమ్మ కాయను ఒళ్లో పెట్టుకుని, గుడ్లప్పగించి ఆమెనే చూస్తూ కూర్చుంది.

భీమవ్వ వీధి మలుపు తిరిగాక ఎంకమ్మ గొంతు తగ్గించింది.

"నాగీ, దాని నజర్ ఇంటి మీద పడనే లేదు గదనే!"

"మరి కాయ కట్టనా అత్తమ్మా?"

"ఇంక పసుపు వెట్టలే గద. పులుసు వెట్టు."

నాగలక్ష్మికి ఎగిరి గంతేయాలనిపించింది. కానీ పొద్దుగూకేసరికి ఎంకమ్మకు కొత్త బెంగ పట్టుకుంది. పిడికిట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకొచ్చి స్టూలెక్కి బుట్ట చుట్టూ తిప్పసాగింది.

"మనకు తగిలేదంత దీనికే తగులుతాంది. నోరులేనిది, పాపం."

నాగలక్ష్మి ఫక్కున నవ్వింది.

"నవ్వుడేందే? నువ్వు గూడ ఇటు రా. పెంచింది నువ్వే గద, లోకం కండ్లన్ని నీ మీదనే ఉంటయి."

ఉప్పూ మిరపకాయల పిడికిలి ఆమె తల చుట్టూ తిరిగింది. నాగలక్ష్మికి నవ్వు ఆగిపోయి కళ్లు చెమర్చాయి. తనను చూసి కూడా ఎవరైనా కుళ్లుకుంటారని ఈ ఇంట్లో ఎవరికీ ఇంతవరకూ తోచలేదు. అత్త దిష్టి తీయడం అయ్యేదాకా ఆమె మెడ కూడా తిప్పకుండా నిలబడింది.