మహాశూన్యము నడుమ

హేమంతకాలపు ప్రభాతము. దట్టమైన మంచుతెరలను జీల్చుకొని వెలువడిన బాలభానుని లేఁతకిరణములు చిత్రగిరిశిఖరమందలి నక్షత్రవేధశాలయొక్క ధవళగోపురమునకు పసిఁడిపూఁతఁ బూయుచుండెను. దిగువ లోయలోని సీతాఫలవనములు మాత్రము మంచుముసుఁగు తొలఁగింపక యింకను నిద్రించుచున్నట్లుండెను.

ఆ వేధశాలకు అధిపతి మోపర్తి చక్రధరుఁడు. అవిరళపరిశ్రమార్జితయశోవిరాజితుఁడైన యాతఁడు కోట్లకొలఁది కాంతివత్సరముల మేర వ్యాపించిన యొక మహాశూన్యమును గగనమునఁ గనుఁగొని యందు మన పాలపుంతవంటి నక్షత్రకూట మొక్కటైనను లేదని ప్రకటించి దేశదేశముల వన్నెకెక్కినవాఁడు. నాఁటి మధ్యాహ్నము తన కొండమీఁదనే కూడనున్న పండితసభలో దానినిగూర్చియే యాతఁడు ప్రసంగింపవలసియుండెను.

ఆ యుదయమున సహోద్యోగిని హైమవతి యాతని గదికి వచ్చెను. ఆమె యేఁడాది క్రిందట భర్తను గోల్పోయి యొంటరిగా జీవించుచున్న విదుషీమణి. తెచ్చిన యా శూన్యపు ఛాయాచిత్రమును బల్లపైఁ బఱచి యామె మెల్లగా ననెను.

"సర్, మీరు ఖాళీ అన్నచోట, సరిగ్గా మధ్యలో, సన్నటి తీగలాగా కొన్ని కూటాలు కనిపిస్తున్నాయి. బాగా మసకగా ఉన్నాయి. ఫొటో మీద మచ్చలనుకుని లెక్కలోంచి తీసేసినట్టున్నారు. సభకు ముందే చెప్తే మంచిదని వచ్చాను."

శోధకులు కొందఱచట నిలిచి వినుచుండిరి. కీర్తిమదాంధుఁడైన చక్రధరుఁడు చిత్రమువంకనైనఁ జూడక నవ్వెను.

"ఇల్లు బోసిపోయినవాళ్లకి శూన్యంలో కూడా సందడి కనిపిస్తుందమ్మా."

శోధకులు తలలు వంచుకొనిరి. హైమవతి ముఖము వివర్ణమయ్యెను. చిత్రమును బల్లమీఁదనే విడిచి యామె వెడలిపోయెను.

గదిలో నొంటరియైన పిదప నాతఁడు చిత్రమును జూచెను. తన గణనమును మఱల శోధించెను. ఆమె పలికినది యక్షరాల నిజము. మసకవెలుఁగులను మచ్చలని త్రోసివేసినది తానే. అంతకుమించి తన నోటఁ బుట్టిన మాట తన చెవులనే కాల్చుచుండఁగా సభావేళవఱకు నాతఁడు గది వెలుపలికి రాలేకపోయెను.

సభ నిండెను. సృష్ట్యాదియందు పదార్థము ఇంచుక పలుచనైన తావులే శూన్యములకు బీజములనియు చుట్టునున్న దట్టపుఁదావులు తమ యాకర్షణచే నందలి పదార్థమును అంతకంతకు లాగికొనఁగా నా పలుచని తావులు ఉబ్బి పొరుగు శూన్యములతోఁ గలసి సబ్బునురుగు బుడగలవలెఁ బెరిగెననియు వాని గోడలయందే నక్షత్రకూటములు గుమిగూడెననియు నాతఁడు వివరించెను. నడుమ నేమియు లేదని చెప్పవలసిన ఘట్టమున నాతఁడు చేతిలోని కాగితములను ప్రక్కకుఁ బెట్టెను.

"అక్కడ ఏమీ లేదని నేను రాసింది తప్పు. సన్నటి తీగలా కూటాలున్నాయి. దగ్గరలో తోడు లేక నెమ్మదిగా ఎదుగుతూ మసకగా బతుకుతున్నాయి. చూసింది హైమవతిగారు."

సభ కరతాళధ్వనులతో మాఱుమ్రోగెను. సిగ్గుచే వాలిన యాతని శిరమును జూచి యెంత వినయమని విద్వాంసులు మెచ్చిరి. ఉదయమున గదిలో నున్న శోధకుల చేతులు మాత్రము కదలలేదు. హైమవతి లేచి వెలుపలికి నడచెను.

ఆతఁడు వెన్నంటి పోయి మెట్లమీఁద నామెను గలిసికొనెను.

"పొద్దున నేనన్న మాట... క్షమించండి."

"ఆ మాట నలుగురిలో అన్నారు. క్షమించమని మాత్రం ఎవరూ లేనిచోట అడుగుతున్నారు."

చక్రధరుఁడు వెనుదిరిగెను. సభలో తేనీటి పాత్రల చప్పుడును నవ్వులును వినవచ్చుచుండెను. ఆతఁడు మఱల వేదిక యెక్కెను.

"ఒక్క మాట వినండి. ఈ సంగతి చెప్పడానికి ఆవిడ పొద్దున నా దగ్గరికే వచ్చారు. నేను ఆవిడ దుఃఖాన్ని ఎత్తిపొడిచి నలుగురిలో ఎగతాళి చేశాను. మీరు ఇందాక చప్పట్లు కొట్టింది అలాంటి మాటన్న మనిషికి."

పాత్రల చప్పుడు ఆగిపోయెను. మెచ్చిన కన్నులు నేలఁ జూచెను. గణనమందలి దోషము ఒక్క పలుకుతో దిద్దఁబడెను గాని యొకరి గుండెను గాయపఱచిన పలుకునకు దిద్దుబాటు లేదు. తాను చేసినదానిని తాను మోయుటయే మనుజునకు మిగులును. హైమవతి వాకిటఁ జేరి ద్వారబంధముపైఁ జేయానించి నిలిచి యుండెను. ఆమె లోనికి రాలేదు. వెడలిపోనును లేదు.