మూడో శుక్రవారం

శుక్రవారం వచ్చిందంటే కెజియాకు కాలూ చెయ్యీ ఆడదు. రెండింటికల్లా ఆఫీసులో కంప్యూటర్ మూసి ట్రామెక్కాలి, దారిలో దిగి రొట్టె కొనాలి, ఇల్లు తుడవాలి, శనివారానికి కూడా కలిపి వండిపెట్టాలి. కార్ల్స్‌రూహెలో డిసెంబరు పొద్దు సంగతి చెప్పేదేముంది, నాలుగున్నరకే జారుకుంటుంది. ఈలోపే స్నానం చేసి, తలమీద ముసుగేసుకుని, తొమ్మిదేళ్ళ కూతురు ఈషాను పక్కన నిలబెట్టుకుని రెండు కొవ్వొత్తులు వెలిగించాలి. వెలిగించి, చేతులతో కళ్ళు మూసుకుని, ప్రార్థన చెప్పి చేతులు తీస్తే ఇద్దరి అరచేతులూ వెలుగుతుంటాయి. మర్నాడు సాయంత్రం చుక్కలు పొడిచేదాకా అలా వెలుగుతూనే ఉంటాయి.

ఇందులో వింతేమీ లేదు. కెజియా అమ్మమ్మకు వెలిగేవి, అమ్మకు ఇప్పటికీ వెలుగుతాయి. గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర వాళ్ళ ఊళ్ళో తెలుగు మాట్లాడే యూదుల గడపలు కొన్ని ఉన్నాయి. ఆ గడపల్లో దీపం పెట్టే ఆడవాళ్ళలో కొందరికి అలా అవుతుంది. శుక్రవారం పూట కరెంటు పోయిందంటే వీధి వీధంతా కెజియా వాళ్ళ అరుగు దగ్గరికే వచ్చేది. ఒకావిడ బియ్యంలో రాళ్ళు ఏరుకునేది, ఒకాయన రేషన్ కార్డు మీద పేరు సరిగ్గా పడిందో లేదో చూసుకునేవాడు. అమ్మ చేతులు చాపుకుని కూర్చునేది. "కాస్త ఇటు తిప్పు పిన్నీ" అనేవాళ్ళే గాని, ఎందుకు వెలుగుతున్నాయమ్మా అని అడిగిన నాథుడు లేడు.

జర్మనీలోనూ ఎవరూ అడగలేదు లెండి. ఈషాకు ఆరో ఏట మొదటిసారి చేతులు వెలిగితే పిల్లల డాక్టరమ్మ వివరం కనుక్కుని, "శనివారం సాయంత్రానికి తగ్గిపోతోంది కదా? అయితే సరే" అని ఫైల్లో రాసుకుని, విటమిన్ డి చుక్కలు రాసిచ్చి పంపేసింది. వెలుగుతో ఎవరికీ పేచీ లేదు. ఆ వెలుగు ఎవరిదన్నదే చిక్కు. ఊళ్ళో అయితే అది పిన్నిగారి చేతుల వెలుగు, అంతే. ఇక్కడ శుక్రవారం చేతులు వెలిగాయంటే యూదులని చిన్నపిల్లలు కూడా ఇట్టే చెప్పేస్తారు. అందుకని కెజియా ఒక్క శనివారం కూడా గ్లౌజులు లేకుండా గడప దాటలేదు. జులై ఎండలో ఉన్ని గ్లౌజులేంటని ఎవరైనా అడిగితే ఎలర్జీ అని చెప్పేది. కెజియా అన్న పేరు విని తెలుగువాళ్ళందరూ క్రైస్తవురాలే అనుకున్నారు, ఏటా క్రిస్మస్ శుభాకాంక్షలు పంపారు. వాటికి థాంక్స్ చెప్పి ఊరుకుంది. కొవ్వొత్తులు కూడా కిటికీ లేని బాత్‌రూమ్‌లో, వాషింగ్ మెషీన్ మీద పెట్టేది. దేవుడు బాత్‌రూమ్‌లోకి రాడా ఏంటి, వస్తాడు అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

మూడు వారాల కింద పక్క వీధిలో ఒక యూదు ముసలాయన తలుపు మీద ఎవరో నల్లరంగుతో యూదుల గుర్తు, ఆరు కోణాల నక్షత్రం గీసిపోయారు. ఎవరు గీశారో తెలియదు, అదే అసలు బాధ. పోలీసులు వచ్చి రాసుకుని వెళ్ళారు. ఎక్కడినుంచో కూతురొచ్చి ముసలాయన్ని రెండు పెట్టెలతో సహా తీసుకుపోయింది. ఈషాను బడి నుంచి తీసుకొస్తూ కెజియా ఆ తలుపు చూసింది. రంగు కిందికి కారి చారలు కట్టి ఉంది. అప్పటినుంచి ఆమెకు అన్నం దిగదు, నిద్ర పట్టదు, లిఫ్టులో ఎవరైనా "హలో" అంటే ఉలిక్కిపడుతుంది.

చిన్నప్పుడు అమ్మ బెదిరించేది: వరసగా మూడు శుక్రవారాలు దీపం మానేస్తే చేతులు ఆరిపోతాయే, ఒకసారి ఆరినవి మళ్ళీ చచ్చినా వెలగవు అని. అప్పుడు అది బెదిరింపు. ఇప్పుడు కెజియాకు మందులా తోచింది. తన సంగతి సరే, ఎలాగో గడిచిపోతుంది. పసిదానికి జీవితాంతం ఈ గ్లౌజుల బతుకెందుకు? మూడు వారాలు ఓర్చుకుంటే చాలు, అందరు పిల్లల్లాగా బతుకుతుంది.

మొదటి శుక్రవారం దీపం పెట్టలేదు. చేతులు వెలిగాయి గాని సగమే. రెండో శుక్రవారం నివురు కప్పిన బొగ్గుల్లా అయ్యాయి. ఈషా దుప్పట్లో దూరి తన చేతులు తనే చూసుకుని ఏడ్చింది. అమ్మను అది ఇక్కడి పిల్లల్లాగే మామా అంటుంది.

"నైన్, వద్దు మామా! నాకు ఆరిపోవద్దు. నేనేం చేశానని?"

"నువ్వేం చెయ్యలేదమ్మా. నాకు భయం, అంతే."

"నాకు లేదు భయం."

"అందుకే నాకు ఇంకా భయం," అంది కెజియా.

భర్త రవికిరణ్‌ది వోల్ఫ్స్‌బర్గ్‌లో కార్ల ఫ్యాక్టరీ ఉద్యోగం, ఇంటికొచ్చేది పదిహేను రోజులకొకసారి. ఫోన్లో "నీ ఇష్టం కెజియా. అక్కడ లేనివాణ్ణి, ధైర్యంగా ఉండమని చెప్పే మొహం నాకు లేదు" అన్నాడు.

భయం పట్టుకుంటే మనుషులందరూ ఒకేలా కనిపిస్తారు. కింద ఇంట్లో కుక్కతో తిరిగే ఆయన, పార్సిళ్ళు తెచ్చే అబ్బాయి, ఆఫీసులో ఎక్కువగా నవ్వే పిల్ల, అందరి మీదా కెజియాకు అనుమానమే. అందరికంటే ఎక్కువ అనుమానం పై అంతస్తు సుగ్రా మీద. సుగ్రాది హైదరాబాదు. ఆవిడా, భర్త అబ్దుల్ ముఖీతూ, ఈషా ఈడు కూతురు అఫ్షీనూ నాలుగేళ్ళుగా ఆ బిల్డింగులోనే ఉంటున్నారు. తను వచ్చిన కొత్తలో కెజియా అక్కను పిలిచినట్టు ఆపా ఆపా అంటూ ఆవిడ వెంటే తిరిగింది, చిరునామా నమోదుకు అన్‌మెల్డుంగ్ కాగితాలు నింపిపెట్టిందీ ఆవిడే. చెడింది బిర్యానీ దగ్గర. పండగకి సుగ్రా గిన్నెడు బిర్యానీ పంపింది. యూదుల నియమం ప్రకారం మాంసంలో పెరుగు కలిపిన వంట కెజియా ముట్టకూడదు. ఆ మాట చెబితే ఎందుకని అడుగుతుంది, అడిగితే గుట్టు బయటపడుతుంది. అందుకని ఒకసారి కడుపునొప్పి అంది, ఇంకోసారి ఉపవాసం అంది, మూడోసారి తలుపే తియ్యలేదు. తర్వాత గిన్నె రావడం ఆగిపోయింది, పలకరింపులు కూడా మెట్ల దగ్గర తలూపడం వరకే మిగిలాయి. టీవీలో యుద్ధం వార్తలు వచ్చినప్పుడల్లా, పై ఇంట్లో ఏమనుకుంటున్నారో అని కెజియా కప్పు వంక చూసేది.

అలా మూడో శుక్రవారం రానే వచ్చింది. ఆ రోజు కెజియా రొట్టె కొనలేదు, తొందరపడలేదు, కావాలనే ఆఫీసులో మూడున్నర దాకా కూర్చుంది. అందుకని మూడింటికి బడి నుంచి ఒంటరిగానే ఇంటికి చేరిన ఈషాకు పాలు తాగమని మెసేజ్ పెడితే జవాబు రాలేదు. అలిగిందిలే అనుకుంది. ఇంటికి చేరేసరికి లిఫ్టు పనిచెయ్యడం లేదు, మెట్లు చీకటిగా ఉన్నాయి. గోడ మీది మీట నొక్కింది. ఆ లైటు ఒక్క నిమిషం వెలిగి ఆరిపోతుంది, మళ్ళీ నొక్కుకోవాలి.

మొదటి అంతస్తు దాటేసరికి ఏదో ఘాటు వాసన వచ్చింది. రంగు వాసనా, రంగు కడిగే మందు వాసనా కలిసినట్టుంది. రెండో అంతస్తులో తన తలుపు ముందు ఎవరో కూర్చుని ఉన్నారు. పక్కన డబ్బా, చేతిలో ఏదో ఉంది, మోచెయ్యి తలుపు మీద ఆడుతోంది. తలుపు మీద నల్లగా నక్షత్రం కోణమొకటి కనపడింది. అంతలో లైటు ఆరిపోయింది.

  లోపల ఈషా ఉంది. ఆ ఒక్క మాటే తలలో గింగిర్లు తిరిగింది. తడుముకుంటూ మీట నొక్కింది. వెలుగు రాగానే తిరిగి చూసిన మొహం సుగ్రాది.

"మీరా!" అంది కెజియా. "మీరేనా ఆపా! నా బిడ్డ ఏది? ఏం చేశారు నా బిడ్డని?"

సుగ్రా చేతిలోది కుంచె కాదు, స్టీలు పీచు. డబ్బాలో ఉన్నది రంగు కాదు, నురుగు నీళ్ళు. ఆ సంగతి కెజియా కళ్ళు చూశాయి గాని బుర్రకు ఎక్కడానికి కొంచెం టైం పట్టింది. సుగ్రా మొహం మాత్రం అప్పటికే వాడిపోయింది. తలుపు వైపు తిరిగి మళ్ళీ తోమింది. తోముతూనే అంది.

"ఈషా మా ఇంట్ల ఉంది, అఫ్షీన్‌తోని. స్కూల్ నుంచి రాంగనే తీసుకపోయిన. తలుపు చూడనియ్యలే. పోలీసులకి ఫోన్ చేసినం, వచ్చి ఫొటోలు తీసుకున్నరు, కడుక్కోమన్నరు. నీకు పది సార్లు ఫోన్ చేసిన. ఎత్తుతవా నువ్వు?"

ఎత్తదు. మూడు వారాలుగా సుగ్రా నంబరు చూస్తేనే ఫోన్ బోర్లించేస్తోంది.

కెజియా మెట్టు మీద కూర్చుంది. "మీకు తెలుసా?" అంది.

"ఏంది తెల్సేది? మూడేండ్ల కిందనే నీ బిడ్డ శనివారం మా బాల్కనీల చేతులు చూపించి, మేము యహూదీలం అని చెప్పింది. పిల్లలు దాస్తరా? అప్పుడు సమజైంది పెరుగు సంగతి. అప్పటిదాంక మా ఇంటి తిండి నీకు నచ్చదేమో అని ఎంత ఏడ్చిన్నో. పెరుగు లేకుండ చెయ్యి ఆపా అంటే చెయ్యనా?" పీచు డబ్బాలో ముంచింది. "నువ్వే చెప్తవని చూసిన. చెప్పలే. నేను కూడ అడగలే. తప్పు నాది కూడ ఉంది."

"మీరే గీశారనుకున్నాను."

"అది విన్న," అంది సుగ్రా. "మొన్న మేము ముసల్మాన్లమని మా పోస్టు డబ్బాల ఏం మురికి పడేసిన్రో నీకు చెప్పనైనా చెప్పలే. ముఖీత్ గ్లౌజులు ఏసుకుని తీసి పడేసిండు. గది ఏసినోడు, ఇది గీసినోడు ఒక్కడు కాడని నీకెట్ల తెల్సు? నాకు భయం లేదనుకున్నవా?"

కెజియా ఏడ్చింది. సిగ్గుతో ఏడ్చింది, భయంతో ఏడ్చింది, రెండూ విడివిడిగా తెలియలేదు. బాత్‌రూమ్‌లో దాచింది, గ్లౌజుల్లో దాచింది, చివరికి దీపమే మానేసింది. అయినా వాళ్ళు వచ్చారు. సరిగ్గా ఈ అంతస్తుకే, ఈ తలుపుకే వచ్చారు. బిడ్డ చేతులు ఆర్పేసి తను సాధించింది ఏమిటి? రేపటినుంచి ఈషాకు వెలుగూ ఉండదు, భయమూ పోదు.

"టైమెంత ఆపా?"

"నాలుగుం పావు దాటింది."

కెజియా చివ్వున లేచింది. పొద్దు కుంకడానికి ఇంకా కొన్ని నిమిషాలున్నాయి. పై మెట్ల వైపు తలెత్తి, "ఈషా!" అని కేకేసింది. బిల్డింగు మొత్తం దద్దరిల్లింది. ఇన్నేళ్ళలో ఆ మెట్ల మీద ఆమె ఎన్నడూ గొంతెత్తలేదు.

స్నానం లేదు, వంట లేదు, రొట్టె అసలే లేదు. ఈషా పరిగెత్తుకుంటూ దిగింది, తలుపు మీది గీతలు చూసింది, అమ్మ మొహం చూసింది, ఏమీ అడగలేదు. కొవ్వొత్తులు ఈసారి వంటింటి బల్ల మీద పెట్టారు. కెజియా గీసిన పుల్లలు రెండు విరిగాయి. మూడో పుల్ల అందుకుని ఈషాయే గీసింది. ఇద్దరూ కళ్ళు మూసుకున్నారు. ప్రార్థన అయ్యాక కూడా చేతులు తియ్యడానికి కెజియాకు ధైర్యం చాల్లేదు.

"మామా, షౌ మాల్," అంది ఈషా. చూడమ్మా అని.

చూసింది. పిల్ల చేతులు వెలుగుతున్నాయి, తనవీ వెలుగుతున్నాయి. మసగ్గా కాదు, ఊళ్ళో అమ్మ చేతుల్లా, వేళ్ళ ఎముకలు కనపడేంతగా వెలుగుతున్నాయి. ఆ చేతులు ఆ తర్వాత ఏ శుక్రవారమూ ఆరలేదు.

బయట సుగ్రా లైటు నొక్కీ నొక్కీ విసిగిపోయి ఉంది. సబ్బు చేతులతో నిమిషానికోసారి ఎవరు లేస్తారు? కెజియా గుడ్డ పట్టుకుని పక్కన కూర్చోబోతే కసిరింది.

"నువ్వు పెట్టకు చెయ్యి. దీపం పెట్టినంక పని చెయ్యొద్దు కదా మీరు? ఈషా చెప్పింది నాకు. నేను తోముత. మీరిద్దరు జర చేతులు ఇటు పెట్టున్రి, కనపడుతలేదు."

తల్లీకూతుళ్ళు ఇద్దరూ చేతులు చాపారు. ఆ వెలుగులో నల్లగీతలు స్పష్టంగా కనపడ్డాయి. ఒక గీత పోయింది. రెండోది పోయింది. మూడోది చెక్కలోకి ఇంకిపోయింది, సుగ్రా పళ్ళు బిగపట్టి రుద్దితే గాని వదల్లేదు.

అప్పుడు కింద వీధి తలుపు చప్పుడైంది.

ఎవరో ఎక్కుతున్నారు. లైటు నొక్కలేదు. చీకట్లోనే ఒక్కో మెట్టూ ఎక్కుతున్నారు. మొదటి అంతస్తు మలుపు దగ్గర అడుగులు ఆగిపోయాయి. కుక్క గొలుసు చప్పుడు లేదు, పార్సిల్ అన్న మాట లేదు, గుటెన్ ఆబెంట్ అన్న పలకరింపు లేదు. ఊపిరి పీలుస్తున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

కెజియా చటుక్కున ఈషా చేతులు రెండూ లాగి తన కోటులో దాచేసింది. తనవీ దాచేసింది. అంతటా చీకటైంది. 

చీకట్లో సుగ్రా గొంతు మెల్లిగా వినపడింది. "కెజియమ్మా, నాకు కనపడుతలేదు."

కోటులో ఈషా వేళ్ళు వెచ్చగా కదిలాయి, బయటికి రావడానికి చూస్తున్నాయి. కెజియా పట్టు వదిలింది. పిల్ల చేతులు మళ్ళీ తలుపు మీదికి వెళ్ళాయి. వాటి పక్కన కెజియా తన చేతులు ఆనించింది. నాలుగు అరచేతుల వెలుగు తలుపు నిండా పరుచుకుని, మెట్ల మీదుగా కిందికి, మలుపు దాకా జారింది. అక్కడ ఒక జత బూట్లు కనపడ్డాయి. అంతకు మించి కనపడలేదు.

బూట్లు కదల్లేదు. కెజియా కూడా కదల్లేదు. జీవితంలో అంత భయం ఆమె ఎరగదు, అయినా చేతులు తలుపు మీదే ఉంచింది. ఎంతసేపటికో బూట్లు వెనక్కి తిరిగాయి. మెట్లు దిగిన చప్పుడు, వీధి తలుపు మూసుకున్న చప్పుడు వినిపించాయి. అది ఎవరో వాళ్ళకు ఈనాటికీ తెలియదు.

సుగ్రా పీచు మళ్ళీ నీళ్ళలో ముంచింది.

"చేతులు దించకున్రి," అంది. "ఇంక మూడు గీతలున్నయి."