వేలి సిరా, ఏటి బురద

కోటిరత్నం తమ్ముణ్ణి సముద్రం చంపలేదు. ఈ మాట ఆమె అడిగినవాళ్లకీ చెప్పేది, అడగనివాళ్లకీ చెప్పేది. సముద్రం వీరాంజనేయుల్ని ఏటి మొగదాకా ప్రాణాలతోనే తెచ్చింది. చంపింది పంచాయతీ ప్రెసిడెంటు పూర్ణచంద్రరావు వేయించిన కట్ట.

ఆ మధ్యాహ్నం ఆమె ఒడ్డున చేపలు ఎండబెడుతుంటే దక్షిణపు గాలి ఉన్నట్టుండి లేచింది. రేపల్లెకి దిగువన సముద్రంలో కలిసే ఆ ఏరే తాతల నాటి నుంచి పాలెం పడవలకి ఇల్లు. గాలి లేస్తే అందులోకి దూరాలి, తగ్గితే బయటికి రావాలి. అరవై ఏడు ఎన్నికలు గెలవగానే ఆ హడావిడిలో ఆ దారికి అడ్డంగా తాటిదుంగలు పాతి, మట్టి పోసి కట్ట లేపారు. ఉప్పునీళ్లు లోపలికి రాకుండా ఆపేసి, ఏటి పక్కనున్న సర్కారు చవిటిపర్రనంతా వరిపొలం చేసుకోవాలని ప్రెసిడెంటు ఎత్తు. సర్కారు కిమ్మనకుండా పర్మిట్టు ఇచ్చింది.

ఆమె మొగుడు పోతురాజు, తమ్ముడు వస్తున్న పడవ ఆ దుంగలకి కొట్టుకుంది. పోతురాజు ఎలాగో ఈది బయటపడ్డాడు. వీరాంజనేయులు పడవకీ దుంగకీ మధ్య నలిగిపోయాడు. పెళ్లయి ఏడాది తిరగని కుర్రాడు. పాలెమంతా కళ్లారా చూసింది.

దినాలు కాగానే పోతురాజు మళ్లీ వేటకెళ్లాడు. వెళ్లకపోతే పొయ్యి వెలగదు. అప్పట్నుంచి కోటిరత్నానికి చెట్టాకు కదిలితే గుండె ఝల్లుమనేది. కట్ట ఉన్నన్నాళ్లూ ఏ గాలికి ఎవరి మొగుడో, ఎవరి బిడ్డో ఆ దుంగల మీదికే వస్తారు. ఈసారి తన మొగుడే కావచ్చు.

పాలెం ఆడవాళ్లు ముందు కూలిపల్లె మీద విరుచుకుపడ్డారు. కట్టకి మట్టి మోసింది ఆ పల్లెవాళ్లే మరి. మా పొట్టన కొట్టి మీరేం బావుకున్నారని కోటిరత్నం దారిలో దావీదుని నిలేసింది. దావీదు ముప్పై ఏళ్ల మనిషి, పల్లెలో నలుగురూ మాట వినే కూలీ. తల దించుకోలేదు, కోపమూ తెచ్చుకోలేదు. కూలికి పిలిస్తే వెళ్లామనీ, అది ఎవరి గొంతుకి అడ్డం పడుతుందో తమకి ఎవరూ చెప్పలేదనీ అన్నాడు. ఆ తర్వాత ఆమెని పల్లెలోకి రమ్మన్నాడు.

వెళ్లి చూస్తే గుడిసెల్లో మోకాటిలోతు మురుగు. పైపొలాల నీళ్లు సముద్రంలోకి పోయే దారి ఆ ఏరొక్కటే. దాన్ని మూశాక నీళ్లు ఎదురుతన్ని పల్లెలోకి ఎక్కాయి. మంచం మీద పసిపిల్లలు, మంచం కింద కప్పలు. తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ కోటిరత్నం నోట్లోనే ఉండిపోయాయి.

"మేం పోసిన మట్టే మమ్మల్ని ముంచిందక్కా" అన్నాడు దావీదు.

వీరాంజనేయులు చావు పై వాళ్ల చెవిన పడి, విచారణకని ఒక ఆఫీసరు జీపులో దిగాడు. ఆయన కూర్చున్న కుర్చీ ప్రెసిడెంటు ఇంటిది, తాగిన మజ్జిగ ప్రెసిడెంటు ఇంటిది. విచారణ కూడా ఆ ఇంట్లోనే వండి తెచ్చారని జనానికి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు.

పాలెం తరఫున కులపెద్ద సింగరయ్య లేచాడు. పాలెంలో కట్టుబాటు అది. తగువైనా, పెళ్లయినా, వల పంపకమైనా పెద్ద నోటి నుంచి వచ్చిందే పాలెం మాట. ఆడవాళ్లయితే ఎడంగా నిలబడి వినాల్సిందే. ఆయన కట్ట సంగతి ఎత్తాడో లేదో ప్రెసిడెంటు నవ్వాడు.

"ఆగు సింగరయ్యా. ముందు మీవాళ్లని ఎడమచేతి వేళ్లు చూపించమను. ఓటు సిరా ఎంతమందికి ఉందో సారు చూస్తారు."

పాలెం చేతులన్నీ లేచాయి. ఒక్క వేలికి తప్ప ఏ వేలికీ సిరా లేదు. ఆ ఒక్కటీ సింగరయ్యదే.

ఇక్కడొక సంగతి చెప్పాలి. అంతకుముందు ఎన్నికల్లో పాలెంవాళ్ల ఓట్లు ప్రెసిడెంటు మనుషులే వేసేసేవాళ్లు. పాలెంవాళ్లు పెట్టె మొహం చూసి ఎరగరు. ఈసారి మాత్రం ప్రెసిడెంటు మనిషిని ఓడించాలని కులమంతా కూర్చుని తీర్మానం చేసుకుంది. తీరా పోలింగు నాడు చేపలు బాగా పడే పోటు వచ్చింది, పడవలు కడలెక్కాలి. దానికేముంది, ఎప్పటిలాగే పాలెం మాట పెద్ద చెప్పి వస్తాడన్నారు. సింగరయ్య ఉతికిన పంచె కట్టుకుని, కొల్లిపర నుంచి అల్లుడు తెచ్చిన కండువా వేసుకుని, పాలెమంతటి ఓటూ తన ఒక్క ఓటుతో వేసి వచ్చాడు. వేసేశాననే అనుకున్నాడు. ఆ రాత్రి పాలెమంతా ఆ సిరాచుక్కని పండగలా చూసింది. తెలియనితనమే, కాదనడం లేదు. కానీ తెలియనివాళ్లకి చెప్పాల్సిన వాళ్లు ఇన్నేళ్లూ ఏం చేశారు? వాళ్ల ఓట్లు వేసుకుంటూ కూర్చున్నారు.

"ఓటే వెయ్యని జనం, సర్కారు చేసిన పనికి వంక పెట్టడానికి వచ్చారండి" అన్నాడు ప్రెసిడెంటు. ఆఫీసరు తలూపాడు. తమ బాధ్యత నెరవేర్చనివాళ్లకి ప్రభుత్వాన్ని విమర్శించే నైతిక హక్కు ఉండదని పుస్తకభాషలో చెప్పాడు. సింగరయ్య తన వేలికేసి చూసుకుని, నిలబడ్డచోటే చతికిలబడ్డాడు.

అప్పుడు దావీదు ముందుకొచ్చాడు. తన వేలు చూపించాడు. పల్లె మొత్తం ఆడా మగా ఓటేశామనీ, ఇళ్లల్లో మురుగు నిలిచిందనీ, కట్ట తీయించాలనీ అడిగాడు. ప్రెసిడెంటు ఈసారి మరీ ప్రేమగా నవ్వాడు.

"ఓటేసి మమ్మల్ని గెలిపించింది మీరే కదరా. మీరు గెలిపించినవాళ్లు ఇచ్చిన పర్మిట్టంటే మీరిచ్చినట్టే. మీ చేత్తో మీరిచ్చి మళ్లీ కాదంటే ఎట్లా? ఐదేళ్లు ఓపిక పట్టండి."

ఆఫీసరు దానికీ తలూపాడు. కోటిరత్నానికి ఒళ్లు మండిపోయింది. ఎడంగా నిలబడాల్సిన ఆడది జనాన్ని తోసుకుంటూ కుర్చీ ముందుకొచ్చింది. పక్కనున్నవాళ్లు కొంగు పట్టుకు లాగితే విదిలించుకుంది.

"అయ్యా, నాకొకటి తెలీక అడుగుతున్నా. ఓటేస్తే మావాళ్లే కదా, నోరు మూసుకోమంటిరి. వెయ్యకపోతే మీకేం పని, నోరు మూసుకోమంటిరి. మరి ఈ దేశంలో నోరు ఎవరికి ఉందండి?"

ఆఫీసరు ప్రెసిడెంటు కేసి చూశాడు.

"కట్ట పోసేటప్పుడు మా వేళ్లు చూసి పోశారా? నా తమ్ముణ్ణి ఆ దుంగ నలిపేటప్పుడు సిరా ఉందో లేదో చూసిందా? మా బతుకు మీద పెత్తనం చేసే సర్కారుని మేం అడుగుతాం. ఓటు మా చేతిలో ఒక పనిముట్టండి. అది వాడినా వాడకపోయినా మా నోరు మాదే."

ఆఫీసరు గడియారం చూసుకుని జీపెక్కాడు.

ఆ సాయంత్రం పాలెం, పల్లె ఒకేచోట కూర్చున్నాయి. ఇలా కూర్చోవడం ఆ రెండు ఊళ్లూ పుట్టాక అదే మొదలు. వాదన బాగానే జరిగింది. అర్జీ పెడదామని కొందరు, ఐదేళ్లు ఆగి ఓటుతో బుద్ధి చెబుదామని కొందరు. ఐదేళ్లలో ఎన్ని గాలులు లేస్తాయని కోటిరత్నం అడిగింది. చివరికి సింగరయ్య లేచాడు.

"నా ఒక్క వేలు మీ అందరికీ చాలుద్దనుకున్నా. చాలలేదు. నా ఒక్క నోరు కూడా చాలదని ఇవాళ కోటిరత్నం చూపించింది. ఇక ఎవరి మాట వాళ్లే చెప్పండి, ఆడోళ్లయినా సరే."

ఒక్కొక్కరే లేచి చెప్పారు. అందరి నోటా వచ్చింది ఒకటే, కట్ట తెగ్గొట్టాలి. దొంగచాటుగా కాదు, పట్టపగలు.

మర్నాడు పడవలు వేటలో ఉన్నాయి. ఒడ్డున ఉన్న మగవాళ్లు, ఆడవాళ్లు, కూలిపల్లె మొత్తం పలుగులూ పారలూ పట్టుకుని కట్ట ఎక్కారు. చేపల గంపల్లో మట్టి మోశారు. మెత్తగా పోసిన చోటు ఏదో పోసినవాళ్లకి గుర్తే కదా, దావీదు అక్కడే మొదలెట్టించాడు. ప్రెసిడెంటు మనుషులు గట్టు మీద నిలబడి బూతులు తిట్టి, జనాన్ని చూసి దిగడానికి జంకి, పోలీసుల కోసం సైకిళ్లెక్కారు. పని సగం కాకముందే దక్షిణాన మబ్బేసి గాలి లేచింది. కోటిరత్నం తలెత్తి చూడలేదు. చూస్తే చేతులు ఆగిపోతాయని భయం. దుంగలకి తాళ్లు కట్టి అందరూ ఒక్కటై లాగారు. మొదటి దుంగ కదిలింది, రెండోది ఒరిగింది. పల్లెని ముంచిన నీళ్లన్నీ ఒక్క ఊపున మట్టిని కోసుకుంటూ సముద్రంలోకి దూకాయి.

ఆ నీళ్ల ఉరవడి కాస్త తగ్గాక మొదటి పడవ లోపలికి వచ్చింది. దాని వెనక పోతురాజుది. తెడ్డు పట్టుకుని నిలబడ్డ మొగుణ్ణి చూసి కోటిరత్నం ఏడ్చింది. తమ్ముడు పోయినప్పుడు కూడా అంతగా ఏడవలేదు.

పోలీసులు వచ్చేసరికి కట్ట ఉన్నచోట ఏరుంది. ఇంతమందిని పట్టుకెళ్లడం ఎట్లాగని ఎస్సై ఆలోచనలో పడితే ప్రెసిడెంటు ఉపాయం చెప్పాడు. ఓటేసినవాళ్లు తనవాళ్లేనట, చేపలోళ్ల మాటలకి మోసపోయారట, వాళ్లని వదిలేసి మిగతావాళ్లని తీసుకెళ్తే చాలట. పాలెాన్నీ పల్లెనీ మళ్లీ విడదీస్తే రేపే కట్ట లేపొచ్చని ఆయన లెక్క. ఎస్సై సరేనని వేళ్లు చూపించమన్నాడు. చూపించడానికి ఏ వేలూ కనబడలేదు, అందరి చేతులూ మోచేతులదాకా నల్లటి బురద. బకెట్టుతో నీళ్లు తెప్పించి కడుక్కోమన్నాడు.

ముందు సింగరయ్య కదిలాడు. పాలెం మొత్తంలో సిరా ఉన్నది ఆయన ఒక్కడికే, కడుక్కుంటే ఇంటికి పోవచ్చు. ముసలాయన బకెట్టు దాటి ఏటిలోకి వంగి, ఎడమచెయ్యి మోచేతిదాకా బురదలో ముంచి తీశాడు. దావీదు చూశాడు, వెళ్లి తనూ ముంచాడు. పల్లె అంతా ముంచింది. బకెట్టులో నీళ్లు అలాగే ఉన్నాయి.

"చేతులు చూసి విడదియ్యండి సారూ" అంది కోటిరత్నం.

విడదీయడం ఎస్సై వల్ల కాలేదు. అందరినీ రేపల్లె నడిపించి, ముందు వరసలో ఉన్న పన్నెండు మందిని తెనాలి సబ్‌జైలుకని రైలెక్కించారు. ఎండుచేపల గంపతో ఆమె ఎన్నోసార్లు ఎక్కిన రైలే అది. అప్పుడు వాసనకి ముక్కు మూసుకుని దూరం జరిగేవాళ్లు. ఇవాళ పెట్టెలో జనం దగ్గరికి జరిగి, ఏం జరిగిందో చెప్పమని అడిగారు. తెనాలి చేరేసరికి ఆ కథ రైలంతా పాకింది.

రైలు దిగినవాళ్ల నోట ఆ కథ విని ప్లాట్‌ఫారం మీద యలమంద ఎదురొచ్చాడు. బాపట్ల వైపు పాలెం మనిషి, చేపల బేరంలో తెలిసినవాడు. పోలీసులు తోస్తున్నా పక్కనే నడుస్తూ, మా ఏటికీ ఒక కట్ట వేస్తున్నారని చెప్పాడు. మళ్లీ గొంతు తగ్గించి అన్నాడు.

"కానీ మాలో సగం మంది ఓటెయ్యలేదొదినా. మేం అడగొచ్చంటావా?"

కోటిరత్నం బేడీల చేతులెత్తి చూపించింది. బురద ఎండి బీటలిచ్చింది కానీ రాలలేదు.

"ఇందులో ఓటేసిన చెయ్యేదో, వెయ్యనిదేదో నువ్వే చెప్పు. ముందు నోరు తెరువు యలమందా. పార మేం తెస్తాం."