పొద్దుటి నడుము, సాయంత్రపు నడుము

టైలరమ్మ మొగుడికి ఏ సంగతైనా సరే, తేలేదాకా నిద్రపట్టదు. లైబ్రరీలో తోటి గుమాస్తాలు ఆయనకు పెట్టిన పేరే ‘ఎందుకటా’. నడుం చుట్టుకొలత తగ్గించమని డాక్టరు చెప్పాడో లేదో, వ్యాయామం పొద్దున మంచిదా సాయంత్రం మంచిదా అన్న పురుగు ఆయన బుర్ర తొలవసాగింది. బావమరిది పొద్దున్నే అన్నాడు. జిమ్ము మాస్టారు సాయంత్రమే అన్నాడు. తలా ఒక మాట చెబితే నమ్మి ఊరుకునే మనిషా!

“పదిహేను రోజులు పొద్దున, పదిహేను రోజులు సాయంత్రం. నడుము కొలిస్తే అదే తేలుతుంది” అన్నాడు.

కొలిచే పని టైలరమ్మదే. మొదటిరోజు ముప్ఫై ఎనిమిది అంగుళాలు రాసింది. పొద్దుటి వంతు ముగిశాకా అదే ముప్ఫై ఎనిమిది. సాయంత్రాల వంతు మొదలయ్యేసరికి ఆమెకు గుబులు పట్టుకుంది. ఆరింటికి మిషను కట్టేసి ఆయనతో టీ తాగే ఆ గంటే రోజు మొత్తానికీ ఆమెది. సాయంత్రం గెలిస్తే ఇక జీవితాంతం ఆ గంట పోయినట్టే కదా! అయినా నోరు విప్పలేదు.

చివరిరోజు ఆమె బేరంతో ఉంటే, ఆయనే అద్దం ముందు టేపు చుట్టుకున్నాడు.

“ముప్ఫై ఏడు! సాయంత్రమేనోయ్!”

ఆమె బేరాన్ని పంపేసి అటు తిరిగింది. కానీ ప్యాంటు చూస్తే ఎప్పటి బిగువే. అంగుళం ఎలా తగ్గింది?

“ఏదీ, ఇలా రండి.”

టేపు ముప్ఫై ఏడే చూపించింది. ఆమె చెయ్యి మాత్రం కాగితంమీద ముప్ఫై ఎనిమిది రాసింది.

“అదేంటే?” అన్నాడాయన.

“అయ్యో, నా మతి మండా! లూజు కలిపేశానండీ!”

బట్ట బిగుసుకోకుండా ప్రతి కొలతకూ అంగుళం కలిపి రాయడం ఇరవై ఏళ్ల అలవాటు. మొగుడికీ అలాగే కలిపేసింది. అంటే మొదటిరోజూ ముప్ఫై ఏడే, ఇవాళా ముప్ఫై ఏడే.

ఎందుకటా నీరుగారిపోయాడు. “అయితే ఏ పూటైనా ఒకటేనా?”

“ఒకటే అయితే పొద్దున్నే చేసుకోండి” అందామె గబుక్కున. “ఈ పదిహేను రోజులూ టీ ఒక్కదాన్నే తాగాను. గొంతు దిగలేదు.”

“మరి చెప్పవేం?”

“అంత ముచ్చటగా పరీక్ష చేస్తుంటే అడ్డుపడతానా?”



“నెల్లాళ్లకి తేలింది ఇదొక్కటేనోయ్” అంటూ ఆయన లేచి, తనే వెళ్లి రెండు కప్పుల నీళ్లు పొయ్యిమీద పెట్టాడు.