కడుపులో చోటు

కాసులమ్మ కోడలి కంచంలో అన్నాన్ని గరిటెతో సగానికి చీల్చి, ఒక సగం తిరిగి గిన్నెలో వేసేసింది. ఏడో నెల పడ్డప్పటి నుంచీ ఆ ఇంట్లో అదే వరస. ఆకలితో కళ్లు తిరుగుతున్నా కోడలు వాసవీకుమారి నోరెత్తలేదు.

కాసులమ్మ పిసినారి కాదు. బరంపురం బడా బజార్‌లో అస్కా ఊరి బెల్లం టోకున అమ్మే ఇల్లది. కానీ ఆవిడ కూతురు బుల్లమ్మ తొలి కాన్పులో బిడ్డ రాక ప్రాణం విడిచింది. అన్నానికీ బిడ్డకీ కడుపులో ఒకటే చోటని, అన్నం తగ్గిస్తే బిడ్డ చిన్నగా ఉండి సులువుగా జారి వస్తుందని అప్పటి నుంచీ ఆవిడ నమ్మకం.

కిందటిసారి వాసవి అలాగే కడుపు మాడ్చుకుంది. కొడుకు సులువుగానే పుట్టాడు, పిడికెడంత. పాలు పీల్చే ఓపిక కూడా లేక, పురుడు తీరకుండానే పోయాడు. ఈ బిడ్డ కూడా అలాగే పోతే? ఆ భయం ఆమెను నిద్రపోనిచ్చేది కాదు.

బరంపురం ఉన్న గంజాం జిల్లా ఇంకా మద్రాసు ఏలుబడిలో ఉన్న రోజులవి. గర్భిణులను ఇళ్లకెళ్లి చూసే నర్సు కమలాకుమారిని వాసవి భర్త వైకుంఠరావే పిలిపించాడు. ఆమె వాసవిని చాప మీద పడుకోబెట్టి పొట్ట మీద టేపు పెట్టింది. కంటి రెప్ప కిందికి లాగి చూసింది.

"ఏటమ్మా, జాకెట్టు కుడతావేటి?" అంది కాసులమ్మ.

"మీ మనవడు ఎంత పెరిగాడో చూస్తున్నాను పెద్దమ్మా," అని నవ్వి, వెంటనే నవ్వు ఆపేసింది నర్సు. "ఎనిమిదో నెలంటున్నారు, కడుపు ఆరో నెల దగ్గరే ఉంది. ఒంట్లో రక్తం లేదు. మొదటి బిడ్డా చిన్నగానే పుట్టాడు. ఈ బిడ్డ కూడా బరువు తక్కువగా పుట్టేలా ఉంది. కడుపునిండా పెట్టండి, ఇంకా సమయం మించిపోలేదు."

"పెడితే బిడ్డ పెరిగి ఇది సచ్చిపోతాది! మా బుల్లమ్మ ఎలాగ పోయిందో నీకు తెల్సా? ఎల్లమ్మా, ఎల్లు."

అప్పుడు వాసవి లేచి కూర్చుంది.

"అత్తా, ఆ కాన్పుకి నువ్వు సెప్పినట్టే తిన్నాను. బాబు సులువుగా పుట్టినాడు. ఉన్నాడా? నాను సస్తానని నీకు బయిం. బిడ్డ సస్తాదని నాకు బయిం. ఈపాలికి నా బయిం మాట ఇను."

 కాసులమ్మ నర్సు వైపు తిరిగింది.

"దీనికేటయినా అయితే?"

"బిడ్డ వచ్చే దారి కూడా చూశాను, ఇరుకు లేదు. కాన్పుకి నేనే వస్తాను. ఇబ్బందైతే ఆసుపత్రికి తీసుకెళ్దాం."

కాసులమ్మ లోపలికెళ్లి అన్నం గిన్నె, పప్పు, పెరుగు తెచ్చి కోడలి ముందు పెట్టింది. "తినీ. అరగలేదని ఏడిస్తే మాత్రం ఊరుకోను."

ఇక ఆ రోజు నుంచీ మునగాకు పప్పు, నువ్వులుండలు, పాలు. కోడలు తిని లేచేదాకా ఆవిడ కదిలేది కాదు. నర్సు గడపలో అడుగుపెట్టడమే ఆలస్యం, "ఎంత పెరిగింది?" అని అడిగేది. టేపు మీద గుర్తు వారం వారం పైకి జరిగింది.

నొప్పులు వచ్చిన రోజు కాసులమ్మ గోడకు ఆనుకుని, కోడలి తల ఒళ్లో పెట్టుకుంది. "బుల్లీ, దీన్ని కాసుకోవే," అని గొణుగుతూనే ఉంది. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. ఆ ఏడుపు బజారు దాకా వినబడింది.

"ఎంతుంటాదే?" అంది కాసులమ్మ. నర్సు సంచీలోంచి స్ప్రింగు కాటా తీసింది. "అది నాకు తెల్దు. మా తక్కెడ తేండి!" అని అడ్డుపడింది కాసులమ్మ.

వైకుంఠరావు బెల్లం తక్కెడ కడిగి తెచ్చాడు. ఒక పళ్లెంలో రెండు వీశెల గుండ్లు, అంటే మూడు కిలోలకు కాస్త తక్కువ; రెండో దాంట్లో కొత్త గుడ్డ పరిచి బిడ్డ. బిడ్డ పళ్లెం టక్కున కిందికి మొగ్గింది. చాప మీద నీరసంగా పడుకున్న వాసవి పగలబడి నవ్వింది.

కాసులమ్మ వీధి అరుగు మీదికి పరిగెత్తింది. "ఒలే బారతీ! మా పిల్ల రెండు వీసెలు దాటినాది!"

"అంతలా అరవకు పిన్నీ, దిష్టి తగుల్తాది!" అంది పక్కింటి భారతీదేవి.

"తగల్నీ! తట్టుకునే ఒళ్లుంది దానికి!"