దుప్పటి రెండో చివర

పొద్దున్నే అత్తగారి కింద తడిసిన దుప్పటి లాగేసి, పొడిది పరిచేసరికి ఫెబా నడుము పట్టేసింది. మంచం పట్టె పట్టుకుని కాసేపు అలాగే వంగి ఉండిపోయింది. జయరావు కాఫీ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చి చూశాడు. పెళ్ళాం నడుముని కాదు, దుప్పటిని. "ఆ మూల ముడత ఉంది చూడు. ముడతలుంటే పుండు పడుద్దని నువ్వేగా అంటావు," అన్నాడు. తర్వాత, పాలు విరిగాయని చెప్పినంత తేలిగ్గా, "రేపటి నీ పరీక్ష ఇంకోసారి వాయిదా వేయించుకో. పగలు అమ్మ దగ్గరుండే చెల్లి రేపు రాలేనంది," అన్నాడు.

పరీక్ష కాదు, పీహెచ్‌డీ వైవా. గుంటూరు చుట్టుపక్కల మిరపకాయలకు తొడిమలు తీసే ఆడవాళ్ళ ఆరోగ్యం మీద ఫెబా ఏళ్ళ తరబడి చేసిన పని. వాళ్ళ చేతుల మంటలు, దగ్గులు, ఆసుపత్రికి వెళితే వాళ్ళకు ఎదురయ్యే చీదరింపులు, అన్నీ అందులో ఉన్నాయి. అత్తగారికి పక్షవాతం వచ్చినప్పుడు వైవా ఒకసారి వాయిదా పడింది. జయరావుని స్కూలు వాళ్ళు ట్రైనింగుకి పంపినప్పుడు రెండోసారి పడింది. "ఈసారి రాకపోతే ఇంక నా చేతుల్లో లేదమ్మా, నీ రిజిస్ట్రేషనే పోతుంది," అని గైడు గారు ఫోన్లో చెప్పేశారు.

ఆ మాట మొగుడితో చెప్పింది కూడా. "ఇప్పుడు ఆ డాక్టరు పట్టా లేకపోతే నీకు జీతం ఆపేస్తారా ఏంటి?" అన్నాడు. జయరావు అరిచే మనిషి కాదు, కొట్టే మనిషి అంతకన్నా కాదు. చర్చిలో అందరూ అదృష్టవంతురాలివంటారు. అరిస్తే తిరిగి అరవచ్చు. ఇంత నెమ్మదిగా మాట్లాడే మనిషితో దెబ్బలాడటం ఫెబాకి ఇప్పటికీ చేతకాలేదు.

పెళ్ళిచూపుల్లో ఇదే అత్తగారు, "నర్సంటే ముందు వెనకాడాం. గవర్నమెంటు ఉద్యోగమని ఒప్పుకున్నాం," అంది. ఒప్పుకున్నాక మాత్రం వాడుకోవడానికి ఎవరూ వెనకాడలేదు. ఆడబిడ్డ పురుడు, మావగారి షుగరు పుండు, ఎదురింటివాళ్ళ ఇంజెక్షన్లు. "ఫెబా ఉందిగా!" పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు గానీ, ఈ పెరటి చెట్టుకు ఒక్క ఆకు మిగిలితే ఒట్టు. అత్తగారికి రహిమున్నీసా అనే ఆయా ఉండేది. పోయిన నెల జయరావే మాన్పించాడు. "వందమందికి నేర్పే మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆయాకి జీతమేంటి? నలుగురూ నవ్వుతారు."

ఆ రోజు నర్సింగ్ కాలేజీలో సెకండియర్ పిల్లలకు చెప్పాల్సిన పాఠం కూడా మంచాన పడ్డ మనిషిని తిప్పడమే అయి కూర్చుంది. బొమ్మ పేషెంటుని మంచం మీద పడుకోబెట్టి, "కదలలేని మనిషిని తిప్పాలంటే ఇద్దరుండాలి. పేషెంటు కింద అడ్డంగా వేసిన దుప్పటి చెరో చివరా పట్టుకోవాలి. ఒక్కళ్ళే లాగితే పేషెంటు చర్మం చెడుతుంది, మీ నడుమూ పోతుంది," అని చెప్పింది. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. వాళ్ళ ముందు ఫెబాకి సిగ్గేసింది. నడుముకి చెయ్యి ఆనించకుండా పాఠం పూర్తి చేసింది.

మధ్యాహ్నం చిలకలూరిపేట రోడ్డు మీదున్న మిరప షెడ్డుకి వెళ్ళింది. వైవాకి ముందు వాళ్ళకొక మాట చెప్పాలనిపించింది. ఘాటుకి గుమ్మంలోనే దగ్గొచ్చింది. ఎర్రటి గుట్ట చుట్టూ ముక్కులకు కొంగులు కట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు నవ్వారు. ఇన్నేళ్ళూ వాళ్ళను ప్రశ్నలడగడమే గానీ ఒక్క కాయ ముట్టుకోలేదు. ఇవాళ మస్తాన్‌బీ పక్కన కూర్చుని తనూ తొడిమలు తీసింది.

"చేతులు మండుతున్నాయా మేడమ్?" అంది మస్తాన్‌బీ.

"కొంచెం."

"మండనీయండి, మంచిదే! ఇంటికెళ్ళి గట్టిగా చెప్పండి. సీజన్లో మా ఇంట్లో పిల్లలకు నీళ్ళు పోసేది, అన్నం కలిపి పెట్టేది మా ఆయనే. కారం చేత్తో నేను ముట్టుకుంటే పిల్లల కళ్ళు పోవూ?" గొంతు తగ్గించింది. "నిజం చెప్పాలంటే కొన్నాళ్ళకు చేతులు మొద్దుబారిపోతాయి మేడమ్. అయినా సీజనంతా మంట, మంట అంటానే ఉంటాం. ఇక్కడ అందరం అంతే."

కొంగుల వెనక నుంచి అందరూ గొల్లుమన్నారు. ఫెబా కూడా కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఈ సంగతి ఆమెకి ముందే అనుమానం. థీసిస్‌లో రాయలేదు, రాయదు కూడా. ఏ పేపరు వాడైనా వేశాడంటే ఇంతమంది మొగుళ్ళు మళ్ళీ చేతులు కడిగేసుకుంటారు.

సాయంత్రం ఇంటికి వచ్చి షెడ్డు సంగతి చెప్పేసరికి అత్తగారిని పక్కకి తిప్పే వేళయింది. ఫెబా మంచం దగ్గరికి వెళ్ళి నిలబడింది గానీ వంగలేదు. జయరావు టీవీ ముందు నుంచి తల తిప్పాడు. "ఏంటలా నిలబడ్డావు? ఇవాళ మిరప తొడిమలు తీశానన్నావుగా, చేతులు మండుతున్నాయా?"

అబద్ధం నాలుక చివరదాకా వచ్చేసింది. ఒక్క 'ఊఁ' చాలు. ఈ పూట గడిచిపోతుంది. రేపు పొద్దున్నకి మంట తగ్గిందనాలి, మళ్ళీ తనే లాగాలి, వైవా పోతుంది. మస్తాన్‌బీకి ఆ అబద్ధం కావాలి, ఆమెకి దొరికే సెలవు అదొక్కటే. కానీ ఎక్కడో ఒకచోట కాలితే తప్ప ఈ ఇంట్లో మనిషికి చెయ్యననే హక్కే లేదా? ఆ ఆలోచనకి ఫెబాకి గుండెల్లో మంట పుట్టింది. షెడ్డులో పుట్టనంత మంట.

చేతులు రెండూ వెనకా ముందూ తిప్పి చూసుకుంది.

"లేదండీ. చేతులు బాగానే ఉన్నాయి," అంది. "రేపు నేను వైవాకి వెళుతున్నాను. రహిమున్నీసాకి ఫోన్ చేశాను, పొద్దున్నే వస్తుంది. కడగడం, బట్టలు మార్చడం ఆవిడ చూసుకుంటుంది. తిప్పడానికి మాత్రం రెండో మనిషి కావాలి."

"రెండో మనిషెవరు?"

అత్తగారు మంచంలోంచి కోడల్నీ కొడుకునీ మార్చి మార్చి చూసింది. "వాడికేం తెలుసే, మగోడికి..." అని ముద్దముద్దగా అంది.

"నేను నేర్పుతాను అత్తయ్యా. నేర్పడమే నా ఉద్యోగం," అని ఫెబా మొగుడి వైపు తిరిగింది. "లేచి రండి. ఆ చివర పట్టుకోండి."

జయరావు లేవలేదు. టీవీ సౌండు మాత్రం తగ్గించాడు. ఫెబా దుప్పటి ఈ చివర రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. ఎప్పట్లా ఒక్కతే లాగలేదు.