మూడో సిట్టింగ్

ఆ పళ్ళ డాక్టరు దగ్గరికి వచ్చే పేషెంట్లకు పంటినొప్పి ఒక్కటే బాధ కాదు. నోట్లో దూది కుక్కి, పెదవి పక్కన గొట్టం తగిలించి, మిషను ఆన్ చేశాక ఆయన కార్ల గురించి మొదలుపెడతాడు. మలుపు దగ్గర బ్రేకు ఎంత ఆలస్యంగా తొక్కాలి, మొన్న ఆదివారం ట్రాక్ మీద తన వెనక ఎవరెవరు పొగ పీల్చారు, అసలు డ్రైవింగ్ అనేది రక్తంలో ఉండాలా వద్దా. నోరు తెరిచి పడుకున్నవాడు ఏమంటాడు? "ఆఁ" అంటాడు. డాక్టరు దాన్ని ఒప్పుకోలుగా తీసుకుంటాడు. ఇరవయ్యేళ్ళ ప్రాక్టీసులో ఆయనతో వాదించి నెగ్గినవాడు ఒక్కడూ లేకపోవడానికి కారణం ఇదే.

ఒక్క విషయంలో మాత్రం ఆయన కారు దిగి పంటి మీదికి వచ్చేవాడు. రూట్ కెనాల్ మొదటి సిట్టింగ్ చేయించుకుని, నొప్పి పెరిగిందని పారిపోయి, బుగ్గ బూరె అయ్యాక తిరిగొచ్చినవాళ్ళు దొరికితే ఇక వాయింపే.

"మూడు సిట్టింగులని చెప్పానా లేదా? మొదటిసారి నొప్పి పెరుగుతుందని చెప్పానా లేదా? మధ్యలో మానేస్తే లోపల చీము పడుతుంది. చదువుకున్నవాళ్ళు మీరే ఇలా చేస్తే ఎలాగండీ?"

"ఆఁ."

"మరి! ఇప్పుడనుకుని ఏం లాభం?"

డాక్టరుకు జీవితంలో ఒకటే కోరిక మిగిలింది. మామగారి గ్యారేజీలో ఉన్న ఎర్ర కారు. రెండే సీట్లు, టాపు లేదు, వయసులో డాక్టరు కంటే పెద్దది. మామగారు రిటైరయ్యేదాకా ఒక ఫ్యాక్టరీలో సిబ్బంది వ్యవహారాలు చూశారు. ఇద్దరి ముందు ఒక ప్రమోషన్ వేలాడదీసి, కాలు మీద కాలేసుకుని చూడడం ఆయనకు అలవాటైన ఆట. ఫ్యాక్టరీ పోయింది గానీ ఆట పోలేదు. ఇద్దరల్లుళ్ళూ కాఫీ తాగుతున్న ఒక ఆదివారం ఆ కారు తాళం తెచ్చి బల్ల మీద పెట్టారు.

"నా మోకాళ్ళు ఇక క్లచ్ తొక్కలేవు. మీ ఇద్దరికీ కార్ల పిచ్చే. రంపం పెట్టి చెరిసగం కోసివ్వలేను కదా. ఈ ఏడు మీ కార్ల క్లబ్బు ఆఖరి పోటీలో ఎవరు ముందొస్తే తాళం వాళ్ళది."

"నాన్నా, వీళ్ళిద్దరూ అసలే అంతంతమాత్రం. ఇప్పుడు ఇదొకటా?" అంది డాక్టరు భార్య.

"అందుకేనమ్మా పెట్టింది" అన్నారు మామగారు.

డాక్టరు తోడల్లుడు ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిములు చూస్తాడు. పగలంతా గుద్దుకున్న కార్ల ఫోటోలు చూసి చూసి మనిషికి ఒక రకమైన మర్యాద వచ్చేసింది. ఇంట్లో గ్యారేజీ నుంచి బయటికొచ్చేటప్పుడు కూడా ఇండికేటరు వేస్తాడు. మిక్సీ కొంటే ముందు దాంతో వచ్చిన పుస్తకమంతా చదివి, మర్నాడు ప్లగ్గు పెడతాడు. డాక్టరు అతనికి ఇండికేటర్ అని పేరు పెట్టాడు. మొదట్లో వెనక అనేవాడు, తర్వాత ముఖం మీదే అనేశాడు. అతను నవ్వి, "ప్రమాదాల్లో చాలావరకు అది వెయ్యకే అన్నయ్యగారూ" అన్నాడు. ఇలాంటివాడి చేతిలో ఓడిపోతే మనిషి ఇక నోరు తెరవడానికి పేషెంటుగా తప్ప పనికిరాడని డాక్టరుకు తెలుసు.

చిక్కేమిటంటే, ఈమధ్య ఇండికేటర్ మరీ అంత వెనక ఉండటం లేదు.

డాక్టరు చెయ్యాల్సిందల్లా చేశాడు. టైర్లు మార్చాడు. సీటు పీకించి పడవలాంటి సీటు వేయించాడు. వీధిలో కుక్కలు ముందుగానే లేచి నిలబడే పొగగొట్టం పెట్టించాడు. వేళ్ళ కొసలు లేని తోలు గ్లౌజులు కొన్నాడు. కారు మారిందిగానీ కాలం మారలేదు. ట్రాక్ చుట్టి వస్తే వాచీలో అదే అంకె.

"చెవులు చిల్లులు పడే గొట్టం కొన్నారు. చెవిలో ఒక మంచి మాట వేసే మనిషిని పెట్టుకోకూడదూ?" అని భార్య ఆయన పుట్టినరోజుకు ట్రాక్ దగ్గర నేర్పే కోచ్‌తో నాలుగు క్లాసులు కొనిచ్చింది. కవరు మీద బంగారు రంగు రిబ్బను కట్టింది.

"నాకా? నేర్చుకోడమా? ఈత వచ్చిన చేపకి ట్యూషనేంటే?"

"డబ్బు వెనక్కి ఇవ్వరట."

ఆ మాట మీద డాక్టరు వెళ్ళాడు.

కోచ్ ఒకప్పుడు పెద్ద పోటీల్లో నడిపిన మనిషి. ఇప్పుడు తల నెరిసింది, జుట్టు కురచగా కత్తిరించుకుంది. పక్క సీట్లో కూర్చుంటే, స్టాపు ఎప్పుడొస్తుందా అని చూసే బస్సు ప్యాసింజరులా ఉంటుంది. ఆమె మాట హెల్మెట్లోని మైకులోంచి నేరుగా చెవిలోకి వస్తుంది. ఎక్కగానే ఆమె చేసిన మొదటి పని స్పీడు చూపించే మీటరు మీద టేపు అంటించడం.

"ఇవాళ బ్రేకు లేదండీ. ఒకటే గేరు."

"బ్రేకు లేకుండా మలుపెలా తిరుగుతాను?"

"నెమ్మదిగా."

తిరిగాడు. ఎద్దులబండి ఎక్కి మొక్కు తీర్చుకునేవాడిలా తిరిగాడు. పక్కనుంచి ఎవరెవరో దాటిపోతున్నారు. వాళ్ళలో ఇండికేటర్ కూడా ఉన్నాడు, చెయ్యూపాడు కూడా.

"ఎక్కడ చూస్తున్నారు?" అంది కోచ్.

"రోడ్డు."

"రోడ్డు చాలా ఉంది. అందులో ఎక్కడ?"

డాక్టరు నిజం చెప్పాడు. "ఆ ఎదురుగా, టైర్లు పేర్చిన గోడ."

"గోడ ఎక్కడికీ పోదు, కాపలా అక్కర్లేదు. మలుపు ఎక్కడ అయిపోతుందో అక్కడ చూడండి. కళ్ళెటుంటే బండి అటే పోతుంది. దవడ వదలండి."

"ఏంటీ?"

"పళ్ళు కొరుకుతున్నారు. దవడ బిగిస్తే మెడ బిగుస్తుంది, మెడ బిగిస్తే చేతులు."

"పళ్ళ గురించి నాకు చెబుతున్నారా!"

"మీ పళ్ళ గురించి."

మధ్యాహ్నానికి బ్రేకులు తిరిగిచ్చింది. అయినా డాక్టరు ఎప్పటికంటే నెమ్మదిగా వచ్చాడు. కంచె అవతల మడత కుర్చీలో స్టాప్‌వాచీ పట్టుకుని కూర్చున్న మామగారు ఎంతో ఆప్యాయంగా, "అల్లుడుగారూ, బండికేమన్నా అయిందా? లేక మీకేనా?" అని అడిగారు.

"మొదటిరోజు అందరూ నెమ్మదిస్తారు" అంది కోచ్, టేపు జాగ్రత్తగా చుట్టుకుంటూ. "పాత అలవాటు పోతుంది, కొత్తది ఇంకా రాదు. మూడో క్లాసు నుంచి చూడండి."

"నేను ఇరవయ్యేళ్ళ నుంచి నడుపుతున్నానండీ!"

"లేదండీ. మీరు ఒక్క ఏడాదే నడిపారు. దాన్నే ఇరవైసార్లు నడిపారు."

డాక్టరు గ్లౌజులు విప్పి ఆ పూటే ఇంటికి వచ్చేశాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, దారంతా ఆమెకు నేర్పడం రాదని కారుకు చెప్పాడు. సగం దారిలో ఆలోచన వచ్చింది. అది రాగానే ఆయన ముఖం, సెలవు దొరికిన గుమాస్తా ముఖంలా వెలిగిపోయింది. కోచింగ్ తీసుకుంటే మనిషి నెమ్మదిస్తాడు. ఇది కళ్ళారా చూసిన నిజం. ఇంకా మూడు క్లాసులున్నాయి. డబ్బు వెనక్కి రాదు. మరి ఈ విషం ఎవరికి పొయ్యాలి?

భార్య గుడికి వెళ్ళిన పూట చూసి, అదే కవరుకు అదే రిబ్బను మళ్ళీ కట్టి తోడల్లుడి చేతిలో పెట్టాడు.

"నాకా అన్నయ్యగారూ?" ఇండికేటర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పోటీలో ఉండి కూడా..."

"పోటీదేముంది తమ్ముడూ. నువ్వు బాగుపడితే నాకంటే సంతోషించేవాడెవడు?"

విషం పనిచేసింది. మొదటి క్లాసు తర్వాతి ఆదివారం ఇండికేటర్‌ను స్కూలు వ్యాను కూడా దాటేసేటట్టుంది. డాక్టరు ఆ వారమంతా పేషెంట్ల మీద ఎంత దయగా ఉన్నాడంటే, ఇద్దరికి మత్తు ఇంజక్షన్ నిజంగా పనిచేసేదాకా ఆగి మరీ మిషను పెట్టాడు.

ఆ వారమే ఇండికేటర్ పుచ్చిపన్ను నింపించుకోవడానికి క్లినిక్కు వచ్చాడు. కుర్చీలో పడుకుని నసిగాడు.

"అన్నయ్యగారూ, మీరేమీ అనుకోకపోతే... ఆ క్లాసులు మానేద్దామనుకుంటున్నా. మరీ నత్తలా అయిపోయాను. ఆఫీసులో కూడా నవ్వుతున్నారు."

డాక్టరు చటుక్కున అతని నోట్లో దూది కుక్కాడు.

"మానేస్తావా? చదువుకున్నవాడివి, ఇదేం బుద్ధి? రూట్ కెనాల్ మూడు సిట్టింగులు. మొదటి సిట్టింగ్‌లో ఏమవుతుంది? నొప్పి పెరుగుతుంది. పెరగాలి! రెండోదాంట్లో సర్దుకుంటుంది. మూడోదాంతో పన్ను రాయి అవుతుంది. మధ్యలో మానేస్తే చీము. చీము పడుతుంది తమ్ముడూ! పెద్దావిడ ఏది చెబితే అది కళ్ళు మూసుకుని చెయ్యి. ఆఖరి క్లాసు దాకా చేస్తానని నాకు మాటివ్వు."

"ఆఁ" అన్నాడు ఇండికేటర్. అతను మాట తప్పే రకం కాదు.

ఆఖరి పోటీ రోజు క్లబ్బు వాళ్ళంతా కుటుంబాలతో వచ్చారు. ఎర్ర కారును కూడా తెచ్చి, అందరికీ కనపడేలా కంచె పక్కన నిలబెట్టారు మామగారు. ప్రమోషన్ లెటరు కనపడాలి, అదీ ఆయన పద్ధతి. డాక్టరు భార్య తండ్రికి ఒక పక్క, ఇండికేటర్‌ను చేసుకున్న ఆమె చెల్లెలు ఇంకో పక్క కూర్చున్నారు. కోచ్ కొంచెం అవతల నిలబడి బిస్కెట్టు తింటోంది.

డాక్టరు ముందు బయల్దేరాడు, ముందే ఉన్నాడు. అద్దంలో ఇండికేటర్ చిన్నగా కనపడ్డాడు. తర్వాత అంత చిన్నగా లేడు. ప్రతి మలుపు దగ్గరా డాక్టరు ఆఖరి క్షణం దాకా ఆగి బ్రేకు మీద ఎగిరి గంతేస్తున్నాడు, కారు కీచుమని ఏడుస్తోంది. ఇండికేటర్ మాత్రం కాస్త ముందే నెమ్మదించి, కడుపులో చల్ల కదలకుండా తిరిగి, మలుపు చివర్లో జారిన సబ్బులా వచ్చేస్తున్నాడు. డాక్టరుకు ఇదేం న్యాయమో అర్థం కాలేదు. తొందరపడుతున్నది తను. దగ్గరవుతున్నది వాడు!

మామగారి కుర్చీ ఎదురుగా ఉన్న తిన్నని దారిలో ఇండికేటర్ పక్కకు వచ్చాడు. దాటబోయేముందు ఇండికేటరు వేశాడు.

టిక్కు టిక్కుమని ఆ పసుప్పచ్చ దీపం డాక్టరు ముఖం మీద వెలిగి ఆరింది. కంచె అవతల జనం నవ్వడం హెల్మెట్లోకి వినపడింది. అందులో భార్య నవ్వు గుర్తుపట్టగలిగాడు. దవడ బిగుసుకుంది. కళ్ళు ఆ దీపానికి అతుక్కుపోయాయి. దీపం మలుపు తిరిగి మాయమైంది. చూపు మిగిలింది, చూపుకు ఎదురుగా టైర్లు పేర్చిన గోడ మిగిలింది. డాక్టరు గోడను చూశాడు. కారు బుద్ధిగా మాట విన్నది.

పెద్ద చప్పుడేమీ రాలేదు. టైర్లు కొన్ని ఎగిరి, దొర్లి, ఒకటి వచ్చి బానెట్ మీద మర్యాదగా కూర్చుంది.

"గోడనే చూశారు" అంది కోచ్, బిస్కెట్టు ముగించి.

"ఈయన వాచీ ఆపనా, ఉంచనా?" అని అడిగారు మామగారు.

మనిషికి ఏమీ కాలేదు. బెల్టు పట్టింది, సీటు పట్టింది. బిగించిన దవడను మాత్రం పట్టేవాడు లేక, కింది పళ్ళు పై పళ్ళను గుద్దేశాయి. రెండు దంతాలు నిలువునా చీలాయి. క్లబ్బు నర్సు నోట్లో దూది కుక్కి కుర్చీలో కూర్చోబెట్టింది. అక్కణ్ణుంచి తాళం ఇవ్వడం చాలా బాగా కనపడింది.

ఇండికేటర్ తాళం తీసుకుని గొంతు సవరించుకున్నాడు. "ఇది నాది కాదు మామయ్యగారూ. అన్నయ్యగారిది. కోచింగ్ క్లాసులు రిబ్బను కట్టి మరీ బహుమతిగా ఇచ్చారు. నేను మానేస్తానంటే వినలేదు. చీము పడుతుందని తిట్టి పంపించారు. పోటీలో ఉన్నవాళ్ళెవరిస్తారండీ ఇలా?"

జనం చప్పట్లు కొట్టారు. డాక్టరు భార్య నెమ్మదిగా తిరిగింది.

"ఏ క్లాసులండీ? బంగారు రంగు రిబ్బనా?"

"ఆఁ" అన్నాడు డాక్టరు.

"నేను మీ పుట్టినరోజుకి ఇచ్చినవి?"

"ఆఁ."

"ఎందుకిచ్చారో కూడా నాకు తెలుసులెండి. మీ మంచితనం సంగతి నాకు తెలీదా?" అంది. ఆ పైన ఆమె చెల్లెలి పక్కకు వెళ్ళి కూర్చుంది.

"పెద్దల్లుడుగారి చలవతో చిన్నల్లుడు పైకొచ్చాడన్నమాట" అన్నారు మామగారు. ఫ్యాక్టరీలో కూడా ఇంత గొప్ప రోజు ఆయన ఎరగరు.

ఆదివారం తెరిచి ఉండే పళ్ళ డాక్టరు ఊళ్ళో ఒక్కడే. పక్కవీధివాడు. ఇన్నాళ్ళూ వాణ్ణి డాక్టరు తాపీ మేస్త్రీ అనేవాడు. తన కారు గోడలో ఉంది కాబట్టి, ఎర్ర కారులోనే వెళ్ళాల్సి వచ్చింది. డ్రైవరు పక్క సీట్లో. గాలి చీలిన పళ్ళలోకి సూదుల్లా దిగుతోంది. ఖాళీ రోడ్డు మీద ఇండికేటర్ బోర్డు మీదున్న వేగం దాటకుండా, ప్రతి సందు దగ్గరా దీపం వేస్తూ, ఆగుతూ నడిపాడు. ఎక్కడ చూడాలో, దవడ ఎందుకు వదలాలో దారంతా విడమరిచి చెప్పాడు.

"కళ్ళెటుంటే బండి అటే అన్నయ్యగారూ. మీకెవరూ చెప్పలేదా?"

"ఆఁ."

తాపీ మేస్త్రీ లైటు వేసి, నోట్లోకి తొంగిచూసి, చాలాసేపు ఆనందించాడు. "రెండు పళ్ళు. రెంటికీ మూడేసి సిట్టింగులు. మొదటిసారి నొప్పి పెరుగుతుంది. మీకు తెలియంది కాదు. మధ్యలో మానెయ్యకండేం?" అని మిషను అందుకున్నాడు.

"మానేస్తే ఊరుకుంటానా!" అన్నాడు గుమ్మం దగ్గర నిలబడ్డ ఇండికేటర్. జేబులోంచి ఒక కవరు తీశాడు. పోటీకి ముందే కొని, నలిగిన బంగారు రంగు రిబ్బను ఇస్త్రీ చేసి మళ్ళీ కట్టి ఉంచాడు. "పెద్దావిడతో నాలుగు క్లాసులు. ఈసారి మీకే. ఆఖరి క్లాసు దాకా చేస్తానని నాకు మాటివ్వండి అన్నయ్యగారూ."

మిషను తిరగడం మొదలుపెట్టింది. మత్తు ఇంకా పట్టలేదని చెప్పడానికి డాక్టరు నోరు తెరిచే ఉంది.

"ఆఁ" అన్నాడు.

"చూశారా, ఎంత మంచి మనిషో" అని ఇండికేటర్ కవరు ఆయన గుండెల మీద పెట్టాడు.